నవ్వుకు వన్స్‌మోర్ లేదు

1960 ఫిబ్రవరి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం. టైడ్‌ల్యాండ్స్ అనే మోటెల్‌లో ఒక నైట్‌క్లబ్బు. సూటూ టైతో ముప్ఫయ్యేళ్ళ మనిషి ఒకడు వేదిక ఎక్కి, లేని టెలిఫోనును చెవికి ఆనించుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు. అవతలివాళ్ళు ఏమంటున్నారో జనానికి వినపడదు. ఇతని జవాబుల్ని బట్టి ఊహించుకోవాలి. నవ్వంతా ఆ ఊహలోనే ఉంది. అతని పేరు బాబ్ న్యూహార్ట్. షికాగోలో అకౌంటెంటుగా లెక్కలు చూసి, అది పడక మానేసినవాడు. అతని టేపులు విన్న వార్నర్ బ్రదర్స్ రికార్డుల కంపెనీ, ఈసారి నైట్‌క్లబ్బులో ఆడినప్పుడు వచ్చి రికార్డు చేసుకుంటామంది. చిక్కేమిటంటే, అతను అప్పటిదాకా నైట్‌క్లబ్బులో ఆడిందే లేదు. రికార్డు కోసం క్లబ్బును వెతకాల్సి వచ్చింది.

ఆ రోజుల గురించి న్యూహార్ట్ తర్వాత చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. అతని దగ్గరున్న సరుకు కాసిని ముక్కలే. అవి అయిపోయాయి. చప్పట్లు మాత్రం ఆగలేదు. మళ్ళీ వెళ్ళమని లోపలివాళ్ళు వేదిక మీదికి తోశారు. కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. చేసేది లేక, ఇందాకటి వాటిలో ఏది మళ్ళీ వినాలనుందో చెప్పమని జనాన్నే అడిగాడట.

పద్యనాటకాలు చూసి పెరిగిన తెలుగువాడికి ఇందులో ఇబ్బంది ఏమిటో చప్పున తట్టదు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం చివరికంటా లాగితే హాలు హాలంతా వన్స్‌మోర్ అంటుంది. అతను హార్మోనియం వైపు ఓసారి చూసి అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు. రెండోసారి ఇంకా బాగుంటుంది కూడా. యుద్ధంలో చచ్చి పడ్డ పాత్ర వన్స్‌మోర్ కోసం లేచి, పద్యం పాడి, మళ్ళీ బుద్ధిగా చచ్చిపోయిందని ఊరూరా చెప్పుకునేవాళ్ళు. పద్యానికి ఆ భోగం ఉంది. జోకుకి లేదు. చివరి మాట ముందే తెలిసిన జోకు, విప్పేసిన పొడుపు కథ.

గ్రామఫోను వ్యాపారం నిలబడ్డది మళ్ళీ వినడం మీద. ఒకే పాటని నూరుసార్లు వింటారు కాబట్టే దానికి డబ్బు పెట్టి ప్లేటు కొంటారు. అలాంటి అంగట్లో జోకు అమ్మాలనుకోవడం మొదటినుంచీ వింత బేరమే. ఊరూరా తిరిగి నవ్వించే హాస్యగాడికి అందులో ఇంకో గండం కూడా ఉంది. ప్లేటు ఎన్ని ఊళ్ళకి చేరితే అన్ని ఊళ్ళలో అతని సరుకు పాతబడిపోతుంది. కామెడీ రికార్డు నూట ముప్ఫయ్యేళ్ళ చరిత్రలో లక్షల కొద్దీ అమ్ముడుపోయిన ప్లేట్లు కొన్నే. తక్కినవన్నీ తక్కువ ప్రతులుగా పుట్టి, చేతులు మారుతూ బతికాయి. ఇవాళ ఒక స్టాండప్ కమెడియన్ కొద్ది వందల ప్రతులు వేయించి, ప్రదర్శన అయ్యాక హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని తనే అమ్ముకుంటే అది కొత్త పోకడేం కాదు. ఆ వ్యాపారం మొదలైందే అలా.

మొదట్లో ప్రతులు తక్కువ కావడానికి కారణం యంత్రమే. 1890లలో మైనపు సిలిండర్లకి నకళ్ళు తీసే సరైన పద్ధతి లేదు. కొమ్ముల్లాంటి గరాటాలు కొన్ని ఎదురుగా పెట్టి పాడిస్తే ఒక్కో గరాటాకి ఒక్కో సిలిండరు తయారయ్యేది. ఇంకో దఫా కావాలంటే ఇంకోసారి పాడాలి. వర్జీనియాలో బానిసత్వంలో పుట్టి, న్యూయార్క్ వీధుల్లో ఈలపాటలు పాడి పొట్టపోసుకున్న జార్జ్ డబ్ల్యు. జాన్సన్ అమెరికాలో రికార్డులకెక్కిన మొదటి నల్లజాతి తార. అతనికి పేరు తెచ్చిందొక నవ్వుల పాట. చరణం పాడి, తాళానికి తగ్గట్టు పగలబడి నవ్వాలి. జనానికి అది ఎంత నచ్చిందంటే, జాన్సన్ ఆ ఒక్క నవ్వునే కొన్నేళ్ళపాటు వేల సార్లు నవ్వాల్సి వచ్చింది. రోజంతా గరాటాల ముందు నిలబడి, పొద్దున నవ్విన నవ్వే సాయంత్రమూ నవ్వడం అతని కూలి. వినేవాడికి దక్కిన వన్స్‌మోర్ వెనక అతని ఊపిరితిత్తులున్నాయి. పోతపోసిన సిలిండర్లు 1902లో వచ్చాకగానీ ఈ కష్టం తీరలేదు.

అదే కాలంలో కాల్ స్టూవర్ట్ అనే నటుడు 'అంకుల్ జాష్' అనే పల్లెటూరి పెద్దమనిషిని సృష్టించాడు. పంకిన్ సెంటర్ అనే ఊహల ఊరు, పట్నం వచ్చి లిఫ్టులూ వీధి బళ్ళూ చూసి తికమకపడే ముసలాయన, మాటమాటకీ మధ్య ఆయనదే ఒక బొంగురు నవ్వు. ఎడిసన్, కొలంబియా, విక్టర్ మూడు కంపెనీలూ స్టూవర్ట్ చేత చెప్పించాయి. 1919లో చనిపోయేదాకా అతను జాష్‌గానే బతికాడు. 1913లో లండన్‌లో జో హేమన్ చెప్పిన 'కోహెన్ ఆన్ ది టెలిఫోన్' ఇంకో పెద్ద విజయం. యాస తిరగని యూదు వలసదారు ఇంటి యజమానికి ఫోన్ చేసి, గాలికి విరిగిన కిటికీ తలుపు సంగతి చెప్పలేక పడే అవస్థ అది. న్యూహార్ట్ చెవికి ఆనించుకున్న టెలిఫోను అప్పటినుంచే మోగుతోందన్నమాట.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. నాటకశాలల్లో తిరిగే వాడెవిల్ హాస్యగాళ్ళు అంత చిన్న ముక్క ఇచ్చి అసలు సరుకు దాచుకునేవాళ్ళు. పది, పన్నెండు నిమిషాల ఆట ఒక్కటి చేతిలో ఉంటే చాలు, దేశం చుట్టిరావడానికి ఏళ్ళు పట్టేది. తిరిగి మొదటి ఊరు చేరేసరికి అక్కడివాళ్ళు సగం మరిచిపోయి ఉండేవాళ్ళు. స్మిత్, డేల్ అనే జంట ఒకే డాక్టరు ప్రహసనాన్ని దశాబ్దాలపాటు ఆడింది. మన పగటివేషగాళ్ళు ఏడాదికోసారి ఊరికొచ్చి అదే వేషం కట్టినా జనం ఎదురుచూసినట్టే. రేడియో, ఆ తర్వాత టీవీ వచ్చి ఈ లెక్క తలకిందులు చేశాయి. ఇరవయ్యేళ్ళు తినాల్సిన గింజలు ఒక్క రాత్రిలో అయిపోయాయి.

1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది. వైపుకి ఇరవై నిమిషాలు దాటి పట్టేది. దానితో మొదటిసారి ఒక ప్రదర్శన మొత్తాన్ని, జనం నవ్వుతో సహా, ప్లేటులోకి ఎక్కించే వీలు కలిగింది. జనం నవ్వు రికార్డవడం చిన్న సంగతి కాదు. ఒంటరిగా గదిలో కూర్చుని జోకు విని నవ్వడానికి మనిషి కాస్త సిగ్గుపడతాడు. పక్కన నలుగురు నవ్వితే ఆ సిగ్గు పోతుంది. ఎల్పీ ఆ నలుగురినీ ఇంటికి తెచ్చింది.

ఆ ఎల్పీ యుగం మొదలైంది అనుమతి లేని ఒక రికార్డుతో. శాన్‌ఫ్రాన్సిస్కోలోని 'హంగ్రీ ఐ' క్లబ్బులో మార్ట్ సాల్ అనే యువకుడు స్వెట్టరు వేసుకుని, చేతిలో చుట్టిన పేపరుతో నిలబడి, ఆ రోజు వార్తల మీదే మాట్లాడేవాడు. 1955లో కార్మెల్ పట్టణంలో డేవ్ బ్రూబెక్ జాజ్ కచేరీతో పాటు సాల్ ప్రదర్శన జరిగింది. అతనికి తెలియకుండా టేపు తిరిగింది. ఫ్యాంటసీ అనే కంపెనీ 1958లో దాన్ని విడుదల చేసింది. సాల్ ఒప్పుకోలేదు. కంపెనీ ప్లేటును వెనక్కి తీసుకుంది. అలా అంగట్లోంచి మాయమైన 'ఎట్ సన్‌సెట్' రికార్డునే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తర్వాతి కాలంలో ఆధునిక స్టాండప్‌కి తొలి రికార్డుగా గుర్తించి భద్రపరచింది.

ఎత్తయిన స్టూలు మీద కూర్చుని, తనూ ఒక ఉత్తుత్తి టెలిఫోనుతోనే మాట్లాడే షెల్లీ బెర్మన్ 1959లో తన ఎల్పీ తెచ్చాడు. కామెడీ ప్లేట్లలో మొదటి గోల్డ్ రికార్డు అతనిదే. ఆ మరుసటి ఏడు న్యూహార్ట్. హ్యూస్టన్‌లో ఎక్కిన ఆ ప్లేటు 'ది బటన్-డౌన్ మైండ్' పేరుతో 1960 ఏప్రిల్‌లో వెలువడి, బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి కామెడీ ఆల్బం అయింది. 14 వారాలు అక్కడే కూర్చుంది. గ్రామీల్లో ఆ ఏటి మేటి ఆల్బం బహుమతికి ఫ్రాంక్ సినాత్రా, నాట్ కింగ్ కోల్, హ్యారీ బెలఫాంటే పోటీలో ఉంటే, అది ఈ పాట రాని అకౌంటెంటుకి దక్కింది.

వన్స్‌మోర్ లేని సరుకు అంతలా ఎలా అమ్ముడుపోయింది? కొన్నవాడు తాను వినడానికి కొనలేదు. వచ్చినవాళ్ళకి వినిపించడానికి కొన్నాడు. శనివారం రాత్రి స్నేహితుల్ని భోజనానికి పిలిచి, ప్లేటు పెట్టి, లింకన్‌కి అతని ప్రచారం చూసే ఏజెంటు ఫోన్ చేసే ఘట్టం రాగానే వాళ్ళ మొహాలు చూడడం ఆ కాలపు మధ్యతరగతి వినోదం. జోకు మనకి పాతదైనా పక్కవాడికి కొత్తదే కదా. ఆ పక్కవాడి నవ్వు కోసం మనమూ మళ్ళీ వింటాం. నైట్‌క్లబ్బుకి వెళ్ళే స్తోమతు, అలవాటు లేని కుటుంబాలకి ఆ ప్లేటే నైట్‌క్లబ్బు.

ఈ మోజు ఎంతదాకా వెళ్ళిందో చెప్పడానికి వాన్ మీడర్ కథ ఒక్కటి చాలు. అధ్యక్షుడు జాన్ కెనడీ గొంతునీ, ఆ బోస్టన్ యాసనీ అచ్చు దింపేవాడు మీడర్. వైట్‌హౌస్ కాపురం మీద 'ది ఫస్ట్ ఫ్యామిలీ' అనే ఎల్పీని 1962 అక్టోబరు 22న జనం ముందు రికార్డు చేశారు. అదే సాయంత్రం అసలు కెనడీ టీవీలోకి వచ్చి, క్యూబాలో సోవియట్ క్షిపణులున్నాయని దేశానికి చెప్పాడు. యుద్ధం తప్పింది. ప్లేటు బజారుకొచ్చింది. మొదటి వారాల్లో వారానికి పది లక్షల చొప్పున పోయింది. మొత్తం 75 లక్షల ప్రతులు. అంత వేగంగా అమ్ముడైన ఎల్పీ అప్పటిదాకా లేదు. విలేకరులు అడిగితే కెనడీ, ఆ గొంతు తనకన్నా తమ్ముడు టెడ్డీకి దగ్గరగా ఉందనీ, అందుకు వాడు చిరాకు పడుతున్నాడనీ చమత్కరించాడు. 1963లో అదీ మేటి ఆల్బంగా గ్రామీ గెలిచింది.

1963 నవంబరు 22న డల్లస్‌లో కెనడీ హత్య జరిగింది. ఆ ఎల్పీ వేసిన కేడెన్స్ కంపెనీ దాన్నీ, దాని రెండో భాగాన్నీ దుకాణాల నుంచి వెనక్కి రప్పించింది. మీడర్‌కి ఖాయమైన ప్రదర్శనలు రద్దయ్యాయి. 27 ఏళ్ళ మనిషికి ఒక్క మధ్యాహ్నంలో గొంతు పనికిరాకుండా పోయింది. 2004లో చనిపోయేదాకా అతను వేరే గొంతుతో నిలదొక్కుకోవాలని చూశాడు. జనం ఒప్పుకోలేదు.

ఇదంతా గల్లాపెట్టె పైన జరిగిన వ్యాపారం. గల్లాపెట్టె కింద జరిగింది వేరే ఉంది.

'పార్టీ రికార్డులు' అనేవాళ్ళు వాటిని. పెద్దలకి మాత్రమే. రేడియోలో వేసే ప్రశ్నే లేదు, దుకాణం అద్దాల్లో పెట్టేదీ లేదు. అడిగినవాడికి తీసి ఇవ్వాలి. లాస్ ఏంజిలెస్‌లో డూట్సీ విలియమ్స్ అనే నల్లజాతి వ్యాపారికి ఒక చిన్న కంపెనీ ఉండేది. 'ఎర్త్ ఏంజెల్' అనే పాటతో అతను అప్పటికే మంచి దెబ్బ కొట్టాడు. క్లబ్బులో రెడ్ ఫాక్స్ అనే హాస్యగాణ్ణి విని, రికార్డు చేద్దాం రమ్మన్నాడు. ఫాక్స్ వెనకాడాడు. భయం పాతదే: నా జోకులన్నీ ప్లేటులోకి పోతే రేపు క్లబ్బుకి ఎవరొస్తారు? చివరికి ఒప్పుకున్నాడు. 1956లో 'లాఫ్ ఆఫ్ ది పార్టీ' వచ్చింది. నల్లవారి పేటల్లో మొదలై, గల్లాపెట్టె కింద నుంచి గల్లాపెట్టె కిందికి దేశమంతా పాకింది. ఫాక్స్ ఆ తర్వాత 50కి పైగా ఎల్పీలు చేశాడు. తెల్లవారి టీవీ అతన్ని ఇంటికి పిలిచింది 1972లో, 'శాన్‌ఫర్డ్ అండ్ సన్' సీరియల్‌తో. అప్పటికే వాళ్ళలో ఎంతోమంది అతని గొంతు చాటుగా విని ఉన్నారు. ప్లేట్లు జోకుల్ని తినేశాయి, నిజమే. కానీ అవి వెళ్ళిన ఊళ్ళలో ఫాక్స్ పేరు అతనికన్నా ముందే చేరింది. భయపడ్డంత నష్టం రాలేదు.

రూడీ రే మూర్ దగ్గరికొచ్చేసరికి ఈ వ్యాపారం ఒక్కడి చేతి పనిగా మారింది. మూర్ లాస్ ఏంజిలెస్‌లో డాల్ఫిన్స్ అనే రికార్డుల కొట్టులో పనిచేసేవాడు. రికో అనే తాగుబోతు బిచ్చగాడు వచ్చి చిల్లర అడుగుతూ, డోలమైట్ అనే వీధి వీరుడి కథలు ప్రాస కట్టి చెప్పేవాడు. వీధి అరుగుల మీదా జైళ్ళలోనూ తరతరాలుగా నోటినుంచి నోటికి నడిచిన బూతు వీరగాథలవి. మూర్ అతనికి డబ్బులిచ్చి, కథలన్నీ చెప్పించుకుని, తనదైన ఊపుతో తిరగరాశాడు. కంపెనీలు తలుపులు వేసేశాయి. దాంతో స్నేహితుల్ని తన ఇంటికే పిలిచి, మందు పోసి, వాళ్ళ ముందు ఆడి టేపు తిప్పాడు. 1970లో 'ఈట్ అవుట్ మోర్ ఆఫెన్' అలా తయారైంది. అట్ట మీద బొమ్మ చూసి కొట్లవాళ్ళు దాన్ని మామూలు బ్రౌన్ కాయితంలో చుట్టి బల్ల కింద పెట్టుకున్నారు. మూర్ కారు డిక్కీలో ప్లేట్లు వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్మాడు. ఆ డబ్బుతో, ఆ పేరుతో 1975లో 'డోలమైట్' సినిమా తీశాడు. 2019లో ఎడ్డీ మర్ఫీ నటించిన నెట్‌ఫ్లిక్స్ సినిమా చూసినవాళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది. మర్ఫీ వేసింది మూర్ వేషమే.

1970లలో గల్లాపెట్టె కింది నోరు పైకి వచ్చింది. హాస్యగాడు జార్జ్ కార్లిన్ టీవీలో పలకకూడని ఏడు మాటల మీద చెప్పిన ముక్క 1972 నాటి 'క్లాస్ క్లౌన్' రికార్డులో ఉంది. మరుసటి ఏడు అదే వరసలో ఇంకో రికార్డులో చేసిన ముక్కని న్యూయార్క్ రేడియో స్టేషను డబ్ల్యుబీఏఐ ఒక మధ్యాహ్నం వేసింది. ఫిర్యాదు వెళ్ళింది. సుప్రీంకోర్టు దాకా నడిచిన ఆ కేసులో 1978లో 5-4 తేడాతో, పిల్లలు వినే వేళల్లో అలాంటి మాటల్ని ప్రభుత్వం కట్టడి చేయవచ్చని తీర్పు వచ్చింది. అమెరికా ప్రసార చట్టాల పాఠ్యపుస్తకాల్లో ఒక కామెడీ ప్లేటు శాశ్వతంగా కూర్చుంది.

ఇంకో హాస్యగాడు రిచర్డ్ ప్రయర్‌ది మరో తలనొప్పి. 1974లో అతని ఆల్బం గొప్పగా అమ్ముడై గ్రామీ గెలిచింది. దాన్ని వేసిన స్టాక్స్ కంపెనీ మరుసటి ఏడే దివాలా తీసింది. ఇంకోపక్క లాఫ్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ తన దగ్గరున్న అతని పాత టేపుల్ని ఒకటొకటిగా, కొత్త ప్లేట్ల మాదిరిగా, ఏళ్ళపాటు వదులుతూ వచ్చింది. బ్రిటిష్ హాస్య జంట పీటర్ కుక్, డడ్లీ మూర్ 1973లో తమ సరదా కోసం న్యూయార్క్ స్టూడియోలో తాగి మాట్లాడుకున్న బూతుల టేపు, సంగీతకారుల చేతుల మీదుగా నకళ్ళై తిరిగి తిరిగి, 1976లో 'డెరెక్ అండ్ క్లైవ్' పేరుతో ప్లేటుగా బయటికొచ్చింది. బ్రిటన్‌కే చెందిన మాంటీ పైథాన్ హాస్య ముఠా 1973లో ఇంకో చిలిపి పని చేసింది. ఎల్పీ రెండో వైపున రెండు గాడులు పక్కపక్కనే చెక్కించింది. ముల్లు ఏ గాడిలో పడితే ఆ జోకులు వస్తాయి. ఎన్నాళ్ళుగానో వింటున్న ప్లేటులోంచి ఒకరోజు ఉన్నట్టుండి ఎన్నడూ వినని సరుకు మోగేసరికి కొన్నవాళ్ళు బిత్తరపోయారు. మళ్ళీ వినలేని జోకుకి అంతకన్నా తెలివైన విరుగుడు ఇంకెవరికీ తట్టలేదు.

అసలు దెబ్బ తగిలింది స్టీవ్ మార్టిన్‌కి. తలలోంచి బాణం దూసుకుపోయినట్టు కనిపించే టోపీ పెట్టి, బాంజో వాయిస్తూ, పిచ్చి చేష్టలు చేసే మార్టిన్ 1977, 78ల్లో రెండు ఆల్బాలు తెచ్చాడు. రెండోది పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. వేలమంది పట్టే క్రీడా ప్రాంగణాల్లో అతని ప్రదర్శనలు నిండిపోయేవి. వచ్చినవాళ్ళకి ప్లేట్లు నోటికొచ్చు. అతని నోట మాట రాకముందే హాలు అందుకునేది. 1981కల్లా స్టాండప్ మానేశాడు. తన 2007 ఆత్మకథలో ఆ రోజుల ఒంటరితనం గురించి రాసుకున్నాడు.

తెలుగువాళ్ళు ఇదే సంగతిని పండగలా తీసుకున్నారు. సినిమా పాటలతో పాటు సినిమా మాటలు కూడా ప్లేట్లుగా, క్యాసెట్లుగా వేసి అమ్మిన నేల ఇది. 1975 'ముత్యాలముగ్గు'లో రావు గోపాలరావు కోసం ముళ్ళపూడి వెంకటరమణ రాసిన విలనీ, 1977 'దానవీరశూరకర్ణ'లో కొండవీటి వెంకటకవి రాసిన మాటలు పెళ్ళి పందిళ్ళ మైకుల్లో మోగాయి. పొలాల్లో, హాస్టళ్ళలో కుర్రాళ్ళు వాటిని పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఎన్‌టీఆర్ నోట మాట రాకముందే హాలు అందుకుంటే అది ఆయనకి హారతి. తేడా ఎక్కడంటే, ఆ మాటలు పద్యాల తోబుట్టువులు. గొంతు, ఊపిరి, విరుపు కోసం వింటారు, చివరి మలుపు కోసం కాదు. వరంగల్లు నుంచి దేశాలు తిరిగిన నేరెళ్ళ వేణుమాధవ్ మిమిక్రీ కూడా ఆ కోవలోదే. ఏ నటుడి గొంతు రాబోతోందో తెలిసినా జనం చెవులు రిక్కించేవాళ్ళు. స్టాండప్‌కి ఆ రక్షణ లేదు.

1975 చివరి రాత్రి హెచ్‌బీఓ చానల్ రాబర్ట్ క్లైన్ అనే కమెడియన్ ప్రదర్శనని గంటసేపు ప్రసారం చేసింది. గొంతు మాత్రమే ఇచ్చే ప్లేటుకి కాలం చెల్లడం అక్కడ మొదలైంది. మొహం, ఒళ్ళు, చెమట కనిపించే వీడియో ఇంటికొచ్చాక మాట ఒక్కటే ఉన్న ప్లేటు ఎవరికి కావాలి? కార్లిన్ 1977 నుంచి 2008 దాకా 14 హెచ్‌బీఓ ప్రదర్శనలిచ్చాడు. ఒకసారి ప్రసారమైన గంట సరుకును పక్కనపెట్టి, మళ్ళీ సున్నా నుంచి రాసుకునేవాడు. ఇవాళ స్టాండప్‌లో పేరున్నవాళ్ళంతా పాటించే నియమం అదే. రికార్డు చేశాక ఆ గంట ఖర్చయినట్టే. ఏడాదో రెండేళ్ళో చిన్న చిన్న హాళ్ళలో ముక్క ముక్కగా సాన పెట్టిన మాటలకి రికార్డు రోజే ఉద్యోగ విరమణ.

ఇప్పుడు మళ్ళీ హ్యూస్టన్. 1978లో కామెడీ వర్క్‌షాప్ అనే క్లబ్బు అక్కడ తలుపులు తెరిచింది. ఇంట్లో తెలియకుండా ఆ క్లబ్బుకి వచ్చి మైకు పట్టుకున్న హైస్కూలు కుర్రాడు బిల్ హిక్స్ 1994లో 32 ఏళ్ళకే చనిపోయాడు. అతని రెండు ముఖ్యమైన ఆల్బాలు 1997లో, అతను లేకుండా వెలువడ్డాయి. ఆ ఊళ్ళోనే లాఫ్ స్టాప్ అనే ఇంకో క్లబ్బులో మిచ్ హెడ్‌బర్గ్ తన మొదటి ఆల్బం 'స్ట్రాటజిక్ గ్రిల్ లొకేషన్స్' రికార్డు చేసుకున్నాడు. 1999లో సొంత ఖర్చుతో సీడీలు వేయించాడు. జుట్టు మొహం మీద పడేసుకుని, కళ్ళు దించుకుని, రెండేసి వాక్యాల జోకులు చెప్పే మనిషి. ఏడాదిలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. ప్రదర్శన కాగానే అమ్మకం. ఆ సీడీలో పేలని జోకులున్నాయి. వాటి మీద అతను అక్కడికక్కడే విసురుకున్న వ్యాఖ్యలూ ఉన్నాయి. పెద్ద కంపెనీ అయితే వాటిని కత్తిరించేసేది. హెడ్‌బర్గ్ ఉంచాడు. విచిత్రంగా, ఆ తడబాట్ల వల్లే ఆ సీడీ రెండోసారీ వినబుద్ధేస్తుంది. జోకు తెలిసిపోయినా, అది విఫలమైన క్షణం పాతబడదు. 2003లో కామెడీ సెంట్రల్ రికార్డ్స్ దాన్ని మళ్ళీ విడుదల చేసింది. 2005లో హెడ్‌బర్గ్ 37 ఏళ్ళకి చనిపోయాడు.

హాలు గుమ్మం దగ్గర వేసుకునే ఆ బల్ల లెక్క సులువే. కమెడియన్‌కి క్లబ్బు ఇచ్చేది ఒప్పుకున్న సొమ్ము. అందులో పెట్రోలు, మోటెల్ గది, తిండి పోవాలి. గుమ్మం దగ్గర అమ్మే సీడీ మీద వచ్చేది దాదాపు తన జేబుకే. కొన్నవాడికి సంతకం, ఒక ఫొటో, రెండు ముక్కల కబురు. అతను నిజానికి కొంటున్నది ఆ రాత్రి గుర్తును. చాలామంది ఆ ప్లాస్టిక్ పెట్టెని విప్పనే విప్పరు. ఈ చిన్న బేరాన్ని నమ్ముకున్న కంపెనీలూ పుట్టాయి. అమెరికా మధ్య రాష్ట్రాల్లో మొదలైన స్టాండప్! రికార్డ్స్ 2000లో లూయిస్ బ్లాక్ 'వైట్ ఆల్బం'తో అడుగుపెట్టి, వరసగా కామెడీ మాత్రమే వేస్తూ వచ్చింది. ఎల్పీలు మళ్ళీ ఫ్యాషన్ అయ్యాక రంగురంగుల ప్లేట్లు కొద్ది ప్రతులుగా వేసే అలవాటు కామెడీకీ పాకింది. 2010లో 'టునైట్ షో' పోగొట్టుకుని, కొన్ని నెలలు టీవీలో కనిపించకూడదన్న ఒప్పందంతో రోడ్డెక్కిన టీవీ హాస్య వ్యాఖ్యాత కోనన్ ఓబ్రయన్ ఊరూరా తిరుగుతూ జూన్‌లో నాష్‌విల్ చేరాడు. అక్కడ రాక్ గాయకుడు జాక్ వైట్ రికార్డు కంపెనీ థర్డ్ మ్యాన్‌లో గిటారు పట్టుకుని ఒక రాత్రి ఆడింది ప్లేటుగా వచ్చింది. నవ్వించే మనిషి పాటలు పాడడం మంచి ఉపాయమే. పాటకి వన్స్‌మోర్ ఉంది.

2011లో కమెడియన్ లూయిస్ సీకే తన బీకన్ థియేటర్ ప్రదర్శనని సొంత సైటులో 5 డాలర్లకి పెడితే 12 రోజుల్లో పది లక్షల డాలర్లు దాటింది. కారు డిక్కీ ఇంటర్నెట్టుకి ఎక్కింది. పాటల యాపులు వచ్చాక జమాఖర్చు మళ్ళీ తిరగబడింది. పాట ఒకసారి మోగితే రాసినవాడికి ఒక వాటా, పాడినవాడికి ఒక వాటా. జోకుకి చెప్పినవాడి వాటా తప్ప రాసినవాడి వాటా లేదు. ఇద్దరూ ఒకరే అయినా సరే. మా మాటలూ రచనే కదా అని కమెడియన్లు అడిగారు. బేరం కుదరక, 2021 చివర్లో స్పాటిఫై జాన్ ములేనీ, జిమ్ గాఫిగన్, కెవిన్ హార్ట్ సహా ఎంతోమంది ఆల్బాల్ని తీసేసింది. మరుసటి ఏడు పండోరా అనే ఇంకో యాపు మీద కమెడియన్లు కేసులు వేశారు. చేతిలో ప్లేటు ఉన్నవాడికి మాత్రం ఏ నవ్వూ మాయం కాలేదు.

అమెరికాలో ఏ ఊళ్ళోనైనా పాత సామాన్ల దుకాణంలో ఎల్పీల డబ్బా తిరగేస్తే మీడర్ 'ది ఫస్ట్ ఫ్యామిలీ' కనిపించకుండా ఉండదు. వైట్‌హౌస్ ముందు నటీనటులంతా నిలబడి నవ్వుతున్న అట్ట. 75 లక్షల ప్రతులు ఎక్కడికి పోతాయి? ఒకటి, రెండు డాలర్లకి ఇచ్చేస్తారు. కొనేవాళ్ళు అరుదు. అదే డబ్బాలో బ్రౌన్ కాయితం చిరిగిన రూడీ రే మూర్ ప్లేటు తగిలితే, సేకరించేవాడు దాన్ని మెల్లిగా చంకలో పెట్టుకుని, మొహంలో ఏమీ కనపడనీయకుండా గల్లా దగ్గరికి నడుస్తాడు.